అడుగు కనిపించే నీళ్లు

"ఈ ఏడాది వచ్చిన కొత్తపిల్లల్లో దీన్ని మించింది లేదు" అని కాలేజీ ఈత క్లబ్బులో అందరూ నా గురించి చెప్పుకుంటున్న రోజుల్లో, నేను మాత్రం పొద్దున్నే బస్సెక్కి, ఆ బస్సు దారిలో చెడిపోవాలని ప్రార్థన చేసుకునేదాన్ని. మామూలుగా ఆ బస్సుకి ఏదో ఒక రోగం ఉండేది. టైరు పేలేది, లేదంటే పాశర్లపూడి దగ్గర పొగ కక్కుకుంటూ నిలబడిపోయేది. నేను కోరుకోవడం మొదలుపెట్టాక దానికి ఎక్కడలేని ఆరోగ్యం వచ్చింది. వైనతేయ పాయ మీద వంతెన కూడా జోరుగా దాటేసి, నన్ను సరిగ్గా సమయానికి అమలాపురంలో దించేసేది.

మాది రాజోలు వైపు కాలవ గట్టు మీది ఊరు. నాన్న బడిపంతులు. అమ్మ ఇంటిపని చూసుకుంటూ ఆదివారాలు చర్చిలో పాటలు ఎత్తుకునేది. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాను. చదువులో అత్తెసరు, పాటలో అపశ్రుతి. చుట్టాలొస్తే నా గురించి చెప్పడానికి అమ్మకి "పిల్ల ఒడ్డూ పొడుగూ బాగా ఎదిగిందండి" తప్ప మాట దొరికేది కాదు. అలాంటి నన్ను పట్టుకుని ఆణిముత్యం అంటుంటే చేదుగా ఉంటుందా? ఉండదు. భయం ఒక పక్క వెనక్కి లాగుతున్నా, ఆ మాట వినడానికి ఇంకో పక్క చెవులు నిక్కబొడుచుకునేవి.

అసలు తప్పంతా చెయ్యెత్తడంలో ఉంది. కాలేజీలో చేరిన కొత్తలో ఈత క్లబ్బు కెప్టెన్ అక్క మా క్లాసుకొచ్చి, "ఈతొచ్చినోళ్లు చేతులెత్తండి" అంది. కోనసీమ పిల్లలం, సగం క్లాసు ఎత్తింది. నేనూ ఎత్తాను. క్లబ్బంటే ఏ కాలవలోనో గోదారి పాయలోనో ఈదిస్తారనుకున్నాను. మర్నాడు అమలాపురం బయట కొత్తగా కట్టిన స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్లారు. పొద్దుటి పూట మా క్లబ్బు దాన్ని వాడుకునేది.

గట్టు మీద నిలబడి చూస్తే నాకు నీళ్లే కనిపించలేదు. అడుగున పరిచిన నీలం పలకలు, వాటి మీద నల్లటి గీతలు, అంతే. గాలి వీచి పైన ముడత పడ్డాక గాని అందులో నీళ్లున్నాయని తెలియలేదు. మేడ మీంచి కిందికి తొంగి చూసినట్టు కళ్లు తిరిగాయి. ఒక వైపు నడుము లోతు, రెండో వైపు పన్నెండడుగులట. పన్నెండడుగుల అడుగున పడి ఉన్న జుట్టు పిన్ను కూడా కనిపిస్తోంది.

"దిగమ్మా, దిగు" అన్నారు పీడీ మాస్టారు. ఆయనే మాకు ఆటలు నేర్పే ఆయన, ముమ్మిడివరం మనిషి, ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు. దిగాను. తల పైకెత్తి, కాలవలో ఈదినట్టే బారలు వేశాను. అవతలి గోడ ముట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే, నాతోపాటు బయల్దేరిన పిల్లలు ఇంకా సగం దారిలోనే ఉన్నారు. మాస్టారి నోట్లోంచి ఈల జారిపోయింది. "తల బయట పెట్టుకునే ఇంత జోరా! మొహం నీళ్లలో పెట్టి ఈదితే యూనివర్సిటీ మొత్తమ్మీద నిన్ను పట్టుకునేవాళ్లు ఉండరే తల్లీ" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మురిపెంలో, ఇంతకీ నేనెక్కడున్నానో చూద్దామని కిందికి చూశాను. అడుగున ఒక ఆడపిల్ల చేతులు చాపుకుని పడుకుని ఉంది.

అది నా నీడే. ఎండ ఏటవాలుగా పడి నా నీడ పలకల మీద పరుచుకుంది, అంతకు మించి ఏమీ లేదు. కాని అది అర్థమయ్యేలోపలే నేను బోలెడు నీళ్లు మింగేశాను, ముక్కులోకి కూడా ఎక్కాయి. అందరూ పొలమారిందనుకున్నారు. నేనూ అదే అని చెప్పాను.

ఎందుకంత భయమో చెప్పాలంటే మా ఎదురింటి పిల్ల సంగతి చెప్పాలి. నా ఈడుదే. ఇద్దరం రెండో తరగతి చదువుతుండగా, కాలవలకి వరద ఎర్రనీరు వచ్చిన రోజుల్లో, సాయంత్రం పూట కాళ్లు కడుక్కోవడానికి రేవులోకి దిగి జారిపోయింది. మెట్టు మీద దాని చెప్పులు ఉన్నాయి, అది లేదు. వీధి వీధంతా వచ్చి పడింది. మగవాళ్లు దూకారు. వెదురు గెడలతో పొడిచి చూశారు. ఆ నీళ్లు టీ రంగులో ఉన్నాయి. చెయ్యి జానెడు ముంచితే వేళ్లు కనిపించవు. ఈతరాని మా అమ్మ చీర దోపుకుని గుండెల్లోతు దాకా దిగి, రెండు చేతులతో అడుగంతా తడిమింది. ఒక్కోసారి ఏదో తగిలినట్టు "ఇదిగో, ఇదిగో" అని అరిచేది. తీసి చూస్తే కుళ్లిన మట్ట, కొబ్బరి డొక్క, బురద. నేను గట్టు మీద నిలబడి అమ్మ చేతుల వంకే చూస్తున్నాను. ఈసారి పైకొచ్చేది అదేనేమో అని ప్రతిసారీ కళ్లు మూసుకునేదాన్ని. పిల్ల మర్నాడు దిగువన లాకుల గేట్ల దగ్గర దొరికింది.

ఆ నెలలోనే అమ్మ నాకు ఈత నేర్పింది. తనకి రాని విద్య ఎలా నేర్పిందని అడక్కండి, మా వైపు అమ్మలకి అదో మొండితనం. పీచు తీయని రెండు ఎండు కొబ్బరికాయల్ని కలిపి కట్టి నా ఛాతీ కింద పెట్టింది. నా నడుముకి బావి దగ్గరి చేంతాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుంది. రేవు మెట్టు మీద కూర్చుని ఒకటే పాట, "కిందికి చూడకు. నా మొహం చూడు. కిందికి చూడకే!" ఏడుస్తూ నేర్పింది, ఏడుస్తూ నేర్చుకున్నాను. కొబ్బరికాయలు పోయాయి, తాడు పోయింది, తల పైకెత్తి ఈదడం మాత్రం ఉండిపోయింది. తర్వాత్తర్వాత ఈ రేవులోంచి ఆ రేవులోకి చేపపిల్లలా దాటేదాన్ని. కాలవ నీళ్లలో అడుగు కనపడదు కాబట్టి నాకు బెంగ లేదు. కనపడనిది లేనట్టే. వేసవిలో లాకులు మూసి కాలవ కట్టేసినప్పుడు, ఊళ్లో పిల్లలంతా ఆ బురదలో చేపలు పట్టడానికి దిగేవాళ్లు. నేను మాత్రం గట్టు ఛాయలకి కూడా పోయేదాన్ని కాదు. ఆ పిల్ల దొరికిపోయింది, సమాధి మా చర్చి వెనకాలే ఉంది, అంతా తెలుసు. అయినా కాలవ అడుగు చూస్తే అక్కడ అది ఇంకా పడుకునే ఉంటుందని నా పిచ్చి.

పూల్‌కి వెళ్లిన మొదటి రోజున అది కనిపించేసింది. నీడని తెలిసినా, ఆ వణుకు ఒంట్లోంచి పోలేదు.

ఇంక మాస్టారేమో మొహం నీళ్లలో పెట్టమంటారు. పెట్టాను, ఏం చేస్తాను! నల్లద్దాల గాగుల్స్ కొనుక్కుని, వాటి వెనక కళ్లు గట్టిగా మూసుకున్నాను. బయటివాళ్లకి తెలియదు. గాలి పీల్చడానికి తల పక్కకి తిప్పినప్పుడు తెరిచేదాన్ని, మళ్లీ నీళ్లలోకి తిప్పగానే మూసేదాన్ని. నా వేగం ఇంకా పెరిగింది. భయపడ్డవాళ్లు పారిపోతారు కదా, నేనూ అదే చేస్తున్నాను. చూసేవాళ్లకి అది ప్రతిభలా కనిపించింది. సీనియర్లు నా ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నారు.

ఒకటే చిక్కు. నేను తిన్నగా వెళ్లలేకపోయేదాన్ని. వరసకీ వరసకీ మధ్య తేలే తాడు ఉంటుంది. దాన్ని గుద్దుకోని రోజు లేదు. మోచేతులు గీరుకుపోయి మండేవి. ఇంట్లో అమ్మ అడిగితే బస్సులో రాసుకుందనేదాన్ని.

ఒకరోజు మాస్టారు గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ చాలాసేపు నన్నే గమనించి, ఆపమని ఈల వేశారు. "ఏమ్మా, ఆ తాడు నీకేం చేసింది? వెళ్లేటప్పుడు ఎడమకి పోతున్నావు, వచ్చేటప్పుడు కుడికి పోతున్నావు. ఎప్పుడు చూసినా ఆ ప్రహరీగోడ వైపే నీ మొగ్గు" అని కాసేపు గడ్డం గోక్కున్నారు. ఉన్నట్టుండి పగలబడి నవ్వారు. "మీ కాలవ ఎటు నుంచి ఎటు పారుద్దమ్మా? రేవులో నిలబడితే ఎగువ నీ ఎడమ చేతివైపేనా?"

"ఆయ్, అవునండి" అన్నాను.

"అదీ సంగతి! నీళ్లు దిగువకి లాగేస్తాయని ఎగువకి ఎగదోసి ఈదుతున్నావు. మేమూ అలాగే నేర్చుకున్నాంలే. ఇక్కడి నీళ్లు పారవు తల్లీ, ఇవి ఎక్కడికీ పోవు!" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వు ఆపేశారు. "మరి అడుగున అంత నల్లగీత ఉంది కదా, దాన్ని చూసుకుంటూ పోతే వంకర రాదే. కళ్లు మూసుకుంటున్నావా ఏంటి?"

"లేదండి" అన్నాను, ఎంత గట్టిగా అన్నానంటే కెప్టెన్ అక్క కూడా తిరిగి చూసింది.

మాస్టారు ఇంకేం అడగలేదు. "వచ్చే వారం మన పూల్‌లోనే యూనివర్సిటీ జట్టుకి ఎంపిక. చుట్టుపక్కల కాలేజీల పిల్లలంతా వస్తారు. ఆడపిల్లల్లో ఇద్దర్నే తీసుకుంటారు. జోరులో నీకు సాటి లేదు, రాసిస్తాను. కాని తాడు దాటి పక్క వరసలోకి పోయావో, అక్కడితో సరి, ఇంటికి పంపించేస్తారు. గీత చూసుకో" అని మాత్రం అన్నారు.

ఆ వారం రోజులూ నాకు అన్నం సయించలేదు. కళ్లు తెరిస్తే అది కనిపిస్తుంది. తెరవకపోతే తాడు దాటిపోతాను. జన్మకొకసారి నాకంటూ ఒక మంచిపేరు వస్తే అది కూడా ఇలా మెలిక పడాలా అని దేవుడి మీద కోపం వచ్చింది. ఇంటి వెనక గోలెంలో నీళ్లు నింపి, గాగుల్స్ పెట్టుకుని, మొహం ముంచి కళ్లు తెరవడం సాధన చేశాను. గోలెం అడుగున పాచి తప్ప ఏమీ లేదు, అయినా కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి. అమ్మ వెనక నుంచి వచ్చి జడ పట్టుకుని లాగింది.

"ఏవే, నీకేవన్నా మతి పోయిందా? గోలెంలో తల పెట్టి ఏం చేస్తన్నావు?"

చెప్పక తప్పలేదు. పోటీ సంగతి చెప్పాను, కళ్ల సంగతి చెప్పలేదు. అసలు నేను ఈత క్లబ్బులో చేరడమే అమ్మకి ఇష్టం లేదు. "ఈత నేర్పింది పేణం కాపాడుకుంటావని. పతకాలు తెమ్మని కాదు" అని మొదట్లోనే పెద్ద యుద్ధం చేసింది. ఈసారి యుద్ధం చేయలేదు. నా జడ పిండుతూ, "ఎంత లోతుంటాది?" అని అడిగింది. పన్నెండడుగులన్నాను. "నేనూ వస్తాను" అంది.

వద్దంటే వింటుందా! ఎంపిక రోజున చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, భుజాన సంచి వేసుకుని నాతోపాటు బస్సెక్కింది. అది శనివారం, అప్పనపల్లి గుడికి వెళ్లే భక్తులతో బస్సు కిటకిటలాడుతోంది. వాళ్లు వాళ్ల దేవుణ్ని తలుచుకుంటున్నారు, అమ్మ పెదవులు కదుపుతూ మా దేవుణ్ని తలుచుకుంటోంది. నేను మాత్రం బస్సు చెడిపోవాలని ఆ రోజు కోరుకోలేదు. కోరుకునే ఓపిక కూడా లేదు.

పూల్ దగ్గర బట్టలు మార్చుకునే గదిలో నీళ్ల సీసా కోసం అమ్మ సంచిలో చెయ్యి పెట్టాను. గరుకుగా ఏదో తగిలింది. తీసి చూస్తే చేంతాడు. బావి దగ్గరి చేంతాడు, చుట్ట చుట్టి, పులిహోర డబ్బా కింద.

"అమ్మా, ఏంటిది!"

"ఉండనీవే. ఎందుకైనా మంచిది."

"ఎవరన్నా చూస్తే నా పరువేం కావాలి? యూనివర్సిటీ పోటీకి తాడు తెస్తారా ఎవరైనా? ఇక్కడ కాపాడేవాళ్లు ఉంటారమ్మా!"

"ఆ రోజు కూడా చాలామంది ఉన్నారే" అంది అమ్మ. అని మొహం తిప్పేసుకుంది.

ఇన్నేళ్లలో ఆ రోజు గురించి అమ్మ నా దగ్గర ఎత్తడం అదే మొదలు. ఇంతలో కెప్టెన్ అక్క వచ్చి నా చేతులు పట్టుకుని, "ఇదేంటే, మొహం అలా పెట్టావు? ఓడిపోతామని అందరికీ ఉంటాది భయం. దూకాక పోద్ది" అంది. ఓడిపోతానని కాదక్కా అని చెప్పాలనుకున్నాను. పేర్లు పిలిచేశారు.

దూకడం లోతు వైపు నుంచే. దిమ్మ ఎక్కి నిలబడితే కింద పన్నెండడుగులు, అద్దంలా. అటు వెళ్లి, గోడ ముట్టుకుని, తిరిగి ఇక్కడికే రావాలి. ఈల మోగగానే కళ్లు మూసుకుని దూకేశాను.

వెళ్లేటప్పుడు ఎలా వెళ్లానో నాకు తెలియదు. ఎడమకి పోకూడదు, ఎడమకి పోకూడదు అనుకుంటూనే పోయాను. మోచెయ్యి తాడుకి కొట్టుకుంది. సర్దుకున్నాను. మళ్లీ కొట్టుకుంది. గోడ తగిలింది, తిరిగాను. తిరిగాక రెండు బారలు వేశానో లేదో ఈసారి నా కుడిచెయ్యి తాడు మీదుగా అవతలికి పడింది. పక్క వరసలో పిల్ల కాళ్లు కొట్టిన నురుగు నా చేతికి తగిలింది. ఇంకో బార అలాగే పడితే నేను ఇంటికే. అమ్మ చుట్టాలకి మళ్లీ నా ఒడ్డూ పొడుగే చెప్పుకోవాలి. పౌరుషం వచ్చింది, ఏడుపొచ్చింది, ఆ రెండింటి మధ్యా కళ్లు తెరిచేశాను.

అది అక్కడే ఉంది. నా కిందే, పలకల మీద, చేతులు చాపుకుని. మూసేసుకుందామనుకున్నాను, కాని దాని కిందే నల్లగీత ఉంది. గీత కావాలంటే దాన్నీ చూడాల్సిందే. చూశాను. నేను చెయ్యి వేస్తే అదీ వేస్తోంది. అడుగు వాలుగా దిగిపోతున్నకొద్దీ అది లోతుకి పోయి పోయి చిన్నదైపోయింది. రెండో తరగతి పిల్లంత అయింది. నీళ్లలో ఏడిస్తే గాగుల్స్ లోపల కన్నీళ్లు నిలిచిపోతాయని అప్పుడే తెలిసింది. భయం తగ్గిందని చెప్తే అబద్ధం. చచ్చేంత భయంతో, కళ్లు విప్పుకుని, గీత మీదనే ఈదాను. తాడు మళ్లీ తగల్లేదు. గోడ తగిలింది.

రెండో స్థానం. మాస్టారి ఈల ఆగకుండా మోగుతోంది, కెప్టెన్ అక్క గెంతుతోంది, ఇద్దరిలో నేనూ ఉన్నానని ఎవరో అరుస్తున్నారు. నేను గోడ పట్టుకుని రొప్పుతూ తలెత్తి చూస్తే, ఎదురుగా అమ్మ. కుర్చీల దగ్గర కూర్చోమన్నవాళ్ల మాట వినకుండా గట్టు కొసకి వచ్చి గొంతుక్కూర్చుంది. చేతికి చేంతాడు చుట్టుకునే ఉంది. నేను గెలిచానో ఓడానో అమ్మకి పట్టినట్టు లేదు. నా వంక కూడా చూడటం లేదు. నన్ను దాటి, నీళ్లలోకి, అడుగుకి చూస్తోంది. ఏళ్ల తరబడి కిందికి చూడొద్దని నాకు చెప్పిన మనిషి.

"కింద గీత కనపడతందే" అంది.

"ఆయ్" అన్నాను.

"పలకల మధ్య సందులు కూడా కనపడతన్నాయి."

"అవునమ్మా."

అమ్మ ఇంకొంచెం ముందుకి వంగింది. చుట్టూ గోల గోలగా ఉంది. తర్వాత చాలా మెల్లగా అంది, "ఆ వేళ కాలవ నీళ్లు ఇలా ఉండుంటే, పిల్ల నా చేతికి దొరికేసేదే."

ఎక్కడ కనపడుతుందోనని ఇన్నేళ్లు నేను కళ్లు మూసుకున్నది ఏ పిల్ల గురించో, ఒక్కసారి కనపడితే చాలని ఆ సాయంత్రం అమ్మ వెతికింది ఆ పిల్లనే. నీళ్లలోంచి చెయ్యి తీసి అమ్మ పాదం పట్టుకున్నాను.

"రా, పైకి రా. ఇంక చాలు" అని అమ్మ తాడు కొస నాకు అందించింది. పైకెక్కడానికి నిచ్చెన నా పక్కనే ఉంది. కాలేజీలన్నీ చూస్తున్నాయి. నేను తాడే పట్టుకుని పైకొచ్చాను.